సర్జా ఎద్దును నేల మింగిన సంగతి

విఠల్ చెప్పే మాటల్లో నిజమెంతో తేల్చడానికి అతని అక్క అనసూయ ఏనాడో ఒక సులువైన పద్ధతి కనిపెట్టింది. అసలేదీ నమ్మకపోవడం. చిన్నప్పుడు తన చొక్కా జేబులో తేనెటీగలు పట్టు పెట్టాయన్నాడు. పెన్‌గంగలో ఈదుతుంటే మొసలి పక్కకు జరిగి దారిచ్చిందన్నాడు. పదో తరగతి పాసయ్యానన్నాడు, అందులో మొసలి కథలో ఉన్నపాటి నిజం కూడా లేదు. పెళ్ళయితే బుద్ధి వస్తుందిలే అన్నారు పెద్దలు. బుద్ధి రాలేదు సరికదా, ఆ కథలు వినడానికి ఇంట్లో ఒక మనిషి పెరిగింది.

అందుకే పరిశోధన కేంద్రంలో తన బల్ల మీద ఫోను మోగి తమ్ముడి పేరు కనబడితే డాక్టర్ అనసూయ ముందు ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాతే ఎత్తేది. ఆ మాఘమాసంలోనూ అంతే చేసింది.

"అక్కా, గోధుమ చేనంత పడిపోయింది" అన్నాడు విఠల్. "కంకి పాలు పట్టంగనే వాలిపోయింది. పీకి జూస్తే ఏర్లు లెవ్వు. నేలే తింటుందక్కా."

"నేల తింటోందా! బాగుంది. రేపు ఆకాశం నాకుతోందంటావు."

"ఒట్టక్కా. నాయిన మీద ఒట్టు."

"నాన్న మీద ఇప్పటికి ఎన్ని ఒట్లు పెట్టావో ఆయనకే తెలియాలి. గడ్డి అంతా మళ్ళీ చేలోనే వేశావా?"

"ఉన్నదంత ఏసిన. సాలకపోతే ఊళ్ళె అడుక్కొచ్చి గూడ ఏసిన. అయినా సాల్తలేదు."

"అమ్ముకుని తాగావు కదూ?"

"గడ్డి ఎవడన్న అమ్ముకుంటడా అక్కా?" అన్నాడు విఠల్, నిజంగానే నొచ్చుకుని.

కరంజివాడలో అదొక కట్టుబాటు. ధాన్యం అమ్ముకోవచ్చు, పత్తి అమ్ముకోవచ్చు, అవసరమైతే భూమీ అమ్ముకోవచ్చు, కానీ గడ్డి అమ్మినవాడికి ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు. పశువు పేరు చెప్పి గడ్డి అడిగితే పగవాడికైనా మోపు కట్టి ఇవ్వాల్సిందే. అనసూయ ఆ ఊళ్ళో పుట్టిందే గనక ఈ సంగతి తెలుసు. అయితే ఎంత కట్టుబాటయినా తన తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తేస్తుందని ఆమె నమ్మకం. ఫోను పెట్టేసి, ప్రయోగ ఫలితాల్లో కరంజివాడ మడికి ఎదురుగా "రైతు అబద్ధాలకోరు, తాగుబోతు, నిర్లక్ష్యపరుడు. ఈ మడిని లెక్కలోంచి తీసేయడమైనది" అని రాసింది. రాశాక వాక్యం బాగా కుదిరిందనిపించి ఇంకోసారి చదువుకుంది.

ఆ ప్రయోగం అనసూయ జీవితమంతా కలిపి చేసిన ఒకే ఒక్క పని. పేరు అక్షయ. పేరు ఆమె పెట్టలేదు, డైరెక్టర్ పెట్టాడు. చెదపుట్టలో దొరికే ఒక బూజును పట్టి, ఏళ్ళ తరబడి గాజు గిన్నెల్లో దాని గుణం మార్చుకుంటూ వచ్చింది. ఆ బూజు కలిపిన నీళ్ళతొట్టిలో కోతల గడ్డిని ఒక పూట నానబెడితే మెత్తబడి గోధుమరంగు ముద్దవుతుంది. దాన్ని చేలో దున్నేస్తే బూజు తెల్లటి దారాలై నేలంతా పాకుతుంది. ఒక కొసతో గడ్డిని పట్టుకుంటుంది, రెండో కొసతో గోధుమ వేరును. ఇక్కడ తిని, అక్కడ పెడుతుంది. కేంద్రంలో జీతాలు తీసుకునే వాళ్ళలో చాలామందికి ఈ పనిలో మొదటి సగమే చేతనవునని అనసూయ అభిప్రాయం.

ఆ సగం బాగా చేతనయినవాడు డైరెక్టర్ పరాంకుశం. ఆయనకు గోధుమ చేనుకూ గరిక బీడుకూ తేడా తెలియదు గానీ, శాలువా పట్టుదో నకిలీదో హాలు ఆ చివరినుంచే పసిగట్టగలడు. అక్షయ వేసిన మిగతా పొలాల్లో రెండు పంటలు వచ్చాయి. రెండూ ఎవరూ చూడనంత బరువైన కంకులు. వాటి ఫొటోలు గోడనిండా అంటించుకుని, కార్తీకంలో విత్తనాల వేళకు రాష్ట్రమంతటా అక్షయ డ్రమ్ములు పంచేద్దామని ఆయన తొందర.

"అన్నిటికంటే ముందు మొదలుపెట్టిన మడి ఒకటుండాలి కదమ్మా. మూడో పంట దాకా వచ్చింది, అదేమయింది?" అన్నాడు ఒకరోజు.

"అది మా తమ్ముడి మడి సార్. నేను పర్మిషన్ రాకముందే మా నాన్న పొలంలో మొదలుపెట్టాను. వాడి సంగతి వదిలేయండి. గడ్డి అమ్ముకుని, నేల తినేసిందంటాడు."

పరాంకుశం పొట్ట కదిలేలా నవ్వాడు. "ప్రతి కొంపలోనూ ఉంటాడమ్మా అలాంటివాడు ఒకడు!"

ఒకరంటే ఒకరికి గిట్టని ఆ ఇద్దరూ మొదటిసారి ఒక విషయంలో ఏకమయ్యారు. విఠల్‌ను చులకన చేయడానికి ఏ చదువూ అడ్డురాదు.

శ్రావణం చివర్లో డైరెక్టరుకు ఇంకో ఆలోచన పుట్టింది. పుట్టింటి పొలంలో నిలబడ్డ మహిళా శాస్త్రవేత్త ఫొటో కరపత్రం మీద వేస్తే నిండుగా ఉంటుందట. అనసూయకు తన మొహం మీద మమకారం లేదు గానీ అక్షయ మీద ఉంది. తమ్ముడికి నాలుగు చీవాట్లు పెట్టి కూడా చాలాకాలమైంది. ఎడ్లకు పూజ చేసే పోలాల అమావాస్య నాడు కరంజివాడలో బస్సు దిగింది.

ఇంటి వెనక పశువుల కొట్టం ఖాళీగా ఉంది. సర్జా, మోత్యా అనే ఆ రెండు ఎడ్లూ తండ్రి పెంచినవే. కట్టుకొయ్యలు మాత్రం ఉన్నాయి. దండేనికి సర్జా మెడపట్టీ, దానికి ఇత్తడి గంట వేలాడుతున్నాయి. విఠల్ భార్య సక్కుబాయి పొయ్యి ముందు భక్ష్యాలు కాలుస్తూ తలెత్తలేదు.

"ఎడ్లేవి?"

"గంగ అవుతల మా తల్లిగారింటికి తోలిచ్చినం వదినె. ఈడుంటే సచ్చిపోతుండె."

"ఎందుకు?"

"మీ తమ్మున్నే అడుగు. నేను జెప్తే నేను గూడ అబద్ధాలదాన్నయిత."

అనసూయ అడగలేదు. అడిగి ఒక కథ వినడం దేనికి? తండ్రి చేతి ఎడ్లను తిండి పెట్టలేక అత్తారింటికి తోలేశాడు, మేత డబ్బులు తాగేశాడు, అంతేగా. ఆకలేసి రెండు భక్ష్యాలు తిని, మూడోది కూడా అడిగి తింది.

సాయంత్రం ఊరి ఎడ్లన్నీ హనుమాన్ గుడి ముందుకు వచ్చాయి. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, కొరడా ఎత్తరు. కొమ్ములకు రంగులు, మెడకు గజ్జెలు, వీపుల మీద జరీ గుడ్డలు. రంగులు దాచలేనివి పక్కటెముకలు. ఎండాకాలం మేత చాలక ప్రతి ఎద్దూ చిక్కిపోయే ఉంది. తోరణం కిందుగా ఒక్కో జత దాటుతుంటే హారతులిస్తున్నారు. అన్నిటి వెనకా విఠల్ వచ్చాడు. చేతుల్లో పీట, పీట మీద రెండు మట్టి ఎడ్లు, వాటికీ పసుపు కుంకుమలు.

ఎడ్లు లేనివాళ్ళు ఇంట్లో మట్టి ఎడ్లను కొలుచుకోవడం ఉన్నదే. కానీ ఏడాదంతా ఎడ్ల పేరు చెప్పి ఊరందరి దగ్గరా గడ్డి మోపులు అడిగి తీసుకుపోయినవాడు మట్టి ఎడ్లతో తోరణం కిందికి రావడం ఎవరూ ఎరగరు. ముందు ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక ఊరి పెద్ద దేవన్న పటేల్ అడిగాడు.

"ఏందిరా విఠలూ, నీ ఎడ్లేవి?"

"దొంగలెత్కపోయిన్రు పటేలా."

"మొన్న రోగమొచ్చిందంటివి."

"రోగమొచ్చినంకనే ఎత్కపోయిన్రు."

"మరి మా గడ్డంత ఏం జేసినవ్‌రా? నా ఎడ్లకు సగం కడుపే పెట్టి నీకు మోపులు గట్టిచ్చిన. వాటి బొక్కలెట్ల తేలినయో జూడు!"

విఠల్ పీట వంక చూశాడు. ఈసారి మాట చిన్నగా వచ్చింది. "నేల తిన్నది పటేలా. ఎంతేసినా తిన్నది. ఎడ్లకని అబద్ధం జెప్పి తెచ్చి నేలకే ఏసిన." తలతిప్పి గుంపులో అక్కను వెతికి పట్టుకున్నాడు. "అక్కా, గది నీ మందే గదా. నువ్వన్న జెప్పే."

ఊరంతా అనసూయ వైపు చూసింది. ఊళ్ళో చదువుకున్న మనిషి, పేపర్లో ఫొటో పడ్డ మనిషి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వీడు చెత్త ఎత్తిపోసుకోవడానికి తన అక్షయే దొరికిందా?

"వాడి మాటలు నా మెడకు చుట్టకండి పటేల్ గారూ. వాడు పుట్టినప్పట్నుంచీ అంతే" అంది.

ఊరికి మరోసారి నవ్వుకోవడానికి వీలు చిక్కింది. ఎవడో విఠల్‌ను భుజంతో తోశాడు. పీట ఒరిగి ఒక మట్టి ఎద్దు కొమ్ము విరిగింది. ఆ కొమ్ముముక్కను ఏరుకుని జేబులో వేసుకుని, పీట ఎత్తుకుని అతను ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఫొటో కోసం పొలానికి పోతే అనసూయకు ఎందుకో చికాకనిపించింది. చిరుజల్లులు పడుతున్నాయి. గట్టుకు అవతల అందరి చేలలో సోయా మోకాలెత్తు, మధ్యలో కలుపు దానికంటే ఎత్తు. తన తండ్రి చేను మాత్రం నున్నగా, నల్లగా ఉంది. శ్రావణమాసపు వానలకు గోడల మీద కూడా గడ్డి మొలుస్తుంది. ఇక్కడ ఒక్క గరికపోచ లేదు.

సక్కుబాయి చాయ్ తెచ్చింది. తడినేల మీద వదినె కూర్చుంటుందని, ఎక్కడినుంచో ఒక గడ్డిమోపు తెచ్చి వేసింది. అనసూయ దాని మీద కూర్చుని చాయ్ తాగుతూ, తమ్ముడి సోమరితనం మీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చింది. సక్కుబాయి మోపు వంకే చూస్తూ నిలబడింది. ఉపన్యాసం ముగిసేసరికి, మొదలుపెట్టినప్పటికంటే తాను కిందికి దిగి ఉన్నట్టు ఆమెకు అనిపించింది. లేచి చూసింది.

మోపు అడుగు సగం లేదు. ఉన్న సగం నిండా తెల్లటి దారాలు, దూదేకినట్టు. నూలు చీర అంచును నేల పట్టుకుంది. లాగితే గుడ్డ పీలికలై చేతికొచ్చింది.

అనసూయ మోకాళ్ళ మీద కూర్చుంది. గుప్పెడు గడ్డి తీసి మట్టిలో గుచ్చింది. చూస్తుండగానే మట్టి పగుళ్ళలోంచి దారాలు లేచి దాన్ని చుట్టేశాయి. చేత్తోనే తవ్వింది. ఎంత లోతుకు పోయినా అవే, మట్టికంటే దారాలే ఎక్కువ. పంట పంటకీ బూజు పెరిగింది. పెరిగినదానికల్లా కూడు కావాలి. మొదటి ఏడు ఈ చేను గడ్డి ఈ చేనుకు సరిపోయింది. తర్వాత సరిపోలేదు. ఊరి గడ్డంతా తెచ్చిపోసినా చాలనప్పుడు, అది రెండో కొస వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ తాను పెట్టిన చోటే తినడం మొదలుపెట్టింది. గోధుమ వేరునే తింది.

ఇక్కడ తిని అక్కడ పెడుతుందని ఎన్ని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది తను! అక్కడ కూడా తినగలదని ఒక్కసారీ తట్టలేదు. తట్టించడానికి తమ్ముడు ఫోను చేశాడు. తను నవ్వింది.

విఠల్ గట్టు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదురా?" అంది. అడుగుతున్నప్పుడే అదెంత సిగ్గుమాలిన ప్రశ్నో ఆమెకు తెలిసింది.

"జెప్పిన గదక్కా."

"ఆపేయాల్సింది కదా. ఎడ్లకు పెట్టకుండా దీనికెందుకు పెట్టావు?"

"మూడేండ్లు గడ్డిపోచ గూడ పక్కకు పోవద్దన్నవ్ గద. పోతే నీ లెక్క తప్పుతదంటివి. సర్జాగాడు కొట్టంల ఒర్రుతుంటే నేను చెవులు మూసుకొని తొట్టి నింపిన. పుట్టినంక ఒక్కపారన్న నువ్వు జెప్పినట్టు జేద్దామనుకున్న. గదీ ఇట్లయింది."

అనసూయకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో తమ్ముడి మీద జాలి కొంతే, తన మీద అసహ్యమే ఎక్కువ. లోకంలో అందరికీ అబద్ధాలు చెప్పినవాడు తనకిచ్చిన ఒక్క మాట కోసం ఎడ్లను వదులుకున్నాడు, తండ్రి పొలాన్ని పోగొట్టుకున్నాడు. ఆ మాటను తను నిన్న ఊరందరి ముందు తుడిచేసింది. ఈ నేలలో బూజు ఎప్పటికి చస్తుందో ఆమెకే తెలియదు. ఇక కార్తీకంలో ఇదే ప్రతి ఊరి నేలకూ పోస్తారు.

పొలం మట్టి ప్లాస్టిక్ బస్తాకెత్తి తీసుకువెళ్ళి డైరెక్టర్ బల్ల మీద కుమ్మరించింది. పరాంకుశం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆమె పిడికెడు గడ్డి తీసి మట్టి మీద వేసింది. దారాలు లేచాయి, గడ్డి మాయమైంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. అర్థమైందనుకుంది, పిచ్చిది.

"అద్భుతం!" అన్నాడు పరాంకుశం. "ఇంత వేగమా! మంత్రిగారి ముందు స్టేజీ మీద ఇదే చేసి చూపిద్దాం. బ్యాండు కూడా పెడదాం!"

"సార్, ఇది మూడో పంటను తినేస్తుంది. ఊళ్ళ పశువుల మేతంతా తినేస్తుంది. ఆపండి."

ఆ మట్టిని కుండీల్లో పోసి గోధుమ మొలకలు నాటి చూపించింది. వారం తిరక్కుండానే అవి వాలిపోయాయి. పరాంకుశం వచ్చి, మునివేలితో ఒక మొక్కను కదిపి, "నీళ్ళు సరిగ్గా పోయలేదేమో" అన్నాడు. పక్కనున్నవాళ్ళు అవునవునన్నారు. డైరెక్టర్ అన్న ఏ మాటకైనా అవుననడానికే వాళ్ళకు నెలనెలా జీతం ముడుతుంది.

"సరే, మూడో పంట పోయిందని సాక్ష్యమెవరు?" అన్నాడు ఆయన తీరిగ్గా.

"మా తమ్ముడు."

పరాంకుశం ఫలితాల కాగితం తెరిచి పైకి చదివాడు. "రైతు అబద్ధాలకోరు, తాగుబోతు, నిర్లక్ష్యపరుడు." కాగితం మూసి చిరునవ్వు నవ్వాడు. "మీ చేతిరాతేనమ్మా. భాష ఎంత సూటిగా ఉందో. మీరు కాస్త అలిసిపోయినట్టున్నారు. కొన్నాళ్ళు సెలవు తీసుకోండి."

ఎవరి మీదికో విసిరిన చెప్పు తిరిగొచ్చి తన చెంపమీదే పడ్డట్టయింది.

సెలవు దొరికిందిగా, ఊళ్ళమీద పడింది. ఊరూరా తిరిగి వేరు బొమ్మలు చూపించి, బూజు సంగతి చెప్పింది. రైతులు ఆవలించారు. సబ్సిడీ ఎంతొస్తుందని అడిగారు. ఒక ఊళ్ళో ఒకాయన, "మీరే కనిపెడితిరి, మీరే వద్దంటిరి. ఏరే కంపెనోనికి అమ్ముకున్నరా ఏంది?" అన్నాడు. ఇంకో ఊళ్ళో వెనక వరసలోంచి ఎవడో, "ఓ, కరంజివాడ విఠల్‌గాని అక్కనా ఈమె!" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆమె చెప్పిన ప్రతి మాటకూ నవ్వులే. ఆ సంబంధాన్ని దాచుకోవడానికే ఆమె ఊరి యాస మానేసింది, ఇంటిపేరు కురచ చేసుకుంది, తమ్ముడి పెళ్ళికి ఒక పూట మాత్రమే వచ్చింది. ఇప్పుడది ఆమెకంటే ముందే ఊళ్ళకు చేరుతోంది.

కార్తీకంలో మండల కేంద్రంలో రైతు సదస్సు పెట్టారు. నీలం డ్రమ్ములు పందిరి పక్కన బారులు తీరాయి. తీసుకుపోవడానికి ట్రాక్టర్లు, బండ్లు వచ్చాయి. మంత్రిగారికి కడుపు బాగాలేక రాలేదు. తెచ్చిన శాలువా వృథా పోకూడదని ఖాళీ కుర్చీకి కప్పారు, దానికే దండ కూడా వేశారు. పరాంకుశం ఆ కుర్చీని ఉద్దేశించి కాసేపు, జనాన్ని ఉద్దేశించి చాలాసేపు మాట్లాడాడు.

అనసూయ లేచి నిలబడింది. రెండు వాక్యాలు పూర్తికాకముందే ఈలలు మొదలయ్యాయి. ఆమె కూర్చుంది. అప్పుడు పక్కనుంచి విఠల్ లేచి, చంకలో మూటతో స్టేజీ మీదికి ఎక్కాడు. దిగరా అన్నారు. కానీ ఆ చుట్టుపక్కల విఠల్ కథ ఒకటి వినకుండా దింపేంత ఓపికలేనివాడు ఎవడూ లేడు.

మూట విప్పి సర్జా మెడపట్టీ పైకెత్తాడు. గంట గణగణలాడింది.

"నా సర్జాగాన్ని ఎరుగుదురు గదా" అన్నాడు. "ఎడ్లేవిరా అని అందరూ అడిగితిరి. దొంగలన్న, రోగమన్న. నిజం జెప్తే నమ్మరని జెప్పలే. ఈ డ్రమ్ముల మందు ఏసిన చేండ్లకు వాన్ని దుక్కికి తోల్కపోయిన. నడుమల ఆగిండు. ఏందిరా అని జూస్తే ముందటి కాళ్ళు గిట్టలదాంక లోపల. గుంజిన. మోకాళ్ళదాంక పోయింది. నేల సప్పరిస్తున్నది, చెవులార విన్న! సర్జాగాడు నన్ను జూసి అంబా అన్నడు. నేను తలుగు వట్టుకొని ఏడ్సుకుంట గుంజుతున్న, అది లోపలికి గుంజుతున్నది. ఆఖరికి మూపురం పోయింది. ఈ గంటొక్కటి పైకి ఊసింది. ఇత్తడి గద, అరగలే."

పల్లీలు నములుతున్నవాడు నమలడం ఆపాడు. పరాంకుశం మాత్రం మైకు అందుకుని నవ్వాడు.

"చూశారా అన్నలూ, ఎంత మూఢనమ్మకమో! నేల ఎద్దును మింగుతుందా? ఇదిగో, అక్షయను కనిపెట్టిన శాస్త్రవేత్తగారు ఇక్కడే ఉన్నారు. ఆమెకు దీని మీద వేరే అనుమానాలుండొచ్చు, కానీ ఇంతటి అబద్ధాన్ని ఆమె ఒప్పుకోరు. అడగండి."

దేవన్న పటేల్ ముందు వరసలోంచి కర్ర ఆనించుకుని లేచాడు. "డాక్టరమ్మా, మీ తమ్ముడు పుట్టినంక ఒక్క నిజం జెప్పలే. ఆ మాట పోలాల నాడు మీరే అంటిరి. మీరు సదువుకున్నోళ్ళు. జెప్పుండ్రి, ఎద్దును నేల మింగిందా?"

అనసూయ డ్రమ్ముల వైపు చూసింది. ఆమె యవ్వనమంతా ఆ డ్రమ్ముల్లో ఉంది. బొమ్మలతో, ఋజువులతో చెప్పిన నిజానికి ఈలలు వేసిన జనం ఒక ఎద్దు కథకు ఊపిరి బిగబట్టారు. వాళ్ళ మీద ఆమెకు రోత పుట్టింది. తన సాక్ష్యం మీద అంత ధీమాగా నవ్వుతున్న పరాంకుశం మీద ఇంకా రోత పుట్టింది. సర్జా ఈ క్షణాన గంగ అవతల సక్కుబాయి తల్లిగారింట్లో చొప్ప నెమరేస్తూ ఉంటాడు. ఇప్పుడు అవునంటే ఇకమీదట ఏ సభలోనూ ఆమెను శాస్త్రవేత్త అనరు. కాదంటే ఈ బండ్లన్నీ నిండి ఊళ్ళకు పోతాయి.

విఠల్ ఆమె వైపు చూడటం లేదు. కింద పడేయబోతున్నారని ముందే తెలిసిన మనిషిలా తల వంచుకుని గంట పట్టుకున్నాడు.

"మింగింది" అంది అనసూయ.

"ఏందీ?"

"మింగింది పటేలా. నేను కండ్లార జూసిన." ఆ యాస ఆమె నోటికి ఎన్నేళ్ళ తర్వాతో వచ్చింది, ఎక్కడా తడబడలేదు.

"కొమ్ములు గూడనా?"

ఆ బూజు కొమ్మును ముట్టదు. ఆమెకంటే బాగా ఆ సంగతి తెలిసినవాళ్ళు లేరు.

"కొమ్ములు గూడ" అంది.

పటేల్ వెనక్కి తిరిగి తన బండి దగ్గరికి నడిచాడు. ఎడ్ల మెడలు నిమిరి, నేలను ఒకసారి అనుమానంగా చూసి, బండి మళ్ళించాడు. అతని వెనక ఇంకొకడు. ట్రాక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీగానే కదిలాయి. పరాంకుశం మైకులో ఏదో అరుస్తూనే ఉన్నాడు, వింటున్నది శాలువా కప్పిన కుర్చీ ఒక్కటే. చీకటి పడేలోగా ఆ కథ పక్క మండలాలకు పాకింది. అక్కడ నేల రెండెడ్లనూ బండినీ మింగిందట. ఇంకా అవతలి ఊళ్ళో బండివాడు కూడా పోయాడట. డ్రమ్ములు ఎక్కించుకొచ్చిన లారీలు వచ్చిన దారినే వెళ్ళాయి.

అక్కాతమ్ముళ్ళు ఊరి దారి పట్టారు. అనసూయ ఏడుస్తోంది. విఠల్ చూడనట్టు నడిచాడు.

"అక్కా" అన్నాడు చివరికి.

"ఊఁ."

"కొమ్ములు మిగిలినయ్ అనాల్సుండె. కొంచెం మిగిలిస్తేనే నమ్ముతరు. అన్నీ పోయినయంటే గట్టిగ అడిగేటోడు ఉంటే దొర్కిపోతుంటిమి."

జేబులోంచి విరిగిన మట్టి కొమ్ము తీసి ఆమె చేతిలో పెట్టాడు.